డాబా మీది ఎండ

మూడు కిలోవాట్ల సోలార్‌కి సుమారు 300 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. దుగ్గిరాలలో మా డాబా మీద అంత చోటుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల రాయితీ వస్తుంది. పగలు మిగిలిన కరెంటు లైనులోకి పోతుంది, రాత్రి వాడుకున్నది అందులోంచి తీసేస్తారు. లెక్కకి వంక పెట్టలేను.

కానీ ఆ ఎండకి పాత హక్కుదారులున్నారు. వేసవిలో అమ్మ తడిపిన పాత పంచె పరిచి గుమ్మడి వడియాలు పెట్టేది. మర్నాటికి పంచె తిరగేసి, వెనక నీళ్లు చిలకరించి, ఒక్కొక్కటీ ఊడదీసేది. మాగాయ ముక్కలు, చల్ల మిరపకాయలు వాటి పక్కనే. పసుపు ఊరికి ఎండ విలువ ఒకరు చెప్పాలా! ఉడికిన కొమ్ము కళ్లంలో బాగా ఎండి, విరిస్తే టక్కుమనాలి. అప్పుడే యార్డుకి బస్తా కదిలేది.

పలకలకి పాతికేళ్ల పూచీ ఇస్తున్నారు. నాకెవరిస్తారు? అప్పటికి ఈ మెట్లెక్కేది ఎవరో. పిల్లలకి ఈ ఊరు పండగల ఊరైపోయింది.

ఇంకో చిక్కుంది. పక్కింటి కొబ్బరిచెట్టు మా పిట్టగోడ దాటి ఎదుగుతోంది. ఒక్క పలక మీద నీడ పడినా వరుసంతా నీరసించవచ్చట. చెట్టు కొట్టెయ్యమని అడగడానికి నాకు నోరు రాదు.

స్టాండు ఎత్తుగా వేస్తే కింద మంచం వేసుకోవచ్చంటాడు పనికొచ్చిన కుర్రాడు. మెట్లగది వైపు నవారు మంచమంత ఎండ వదిలి, కొత్త కొలత రాసుకురమ్మన్నాను. కాగితాల మీద సంతకం ఆ తరవాతే.