గడ్డి తగ్గిస్తే చాలు!

మీ ఇంట్లో కాలేజీకెళ్ళే మగపిల్లాడుంటే ఈ గొడవ మీకూ కొత్త కాదు. మా చిన్నాడు బీటెక్ మొదటి సంవత్సరం. వాడి గదిలో ఉన్నది ఏదో ఆఫీసులో వాడి తీసేసిన కంప్యూటర్. మావారు తక్కువ ధరకి తెచ్చారు. చదువుకి చాలు, ఆటలకే చాలదు. "దాంట్లో గ్రాఫిక్స్ కార్డు లేదమ్మా" అని రెండేళ్ళుగా వింటున్నాను.

మొన్న నా చీటీ డబ్బులొచ్చాయి. పాత గాజులు మార్పించుకుందామని దాచుకున్నవి. అందులోంచి పన్నెండు వేలు తీసి, ఆయనతో ఒక మాట అని, వాణ్ణి వెంటబెట్టుకుని సికింద్రాబాద్ సీటీసీకి వెళ్ళాను. "దండగ" అన్నారాయన, అంతే.

కొట్టతను మొట్టమొదట అడిగింది డబ్బు గురించి కాదు, "పవర్ సప్లై ఎన్ని వాట్స్?" అని. 240 అన్నాడు మావాడు. పెద్ద కార్డులకి విడిగా కరెంటు వైరు కావాలట, మా పెట్టెలో అది లేదు. జీటీఎక్స్ 1650 అయితే 75 వాట్స్‌తో, బోర్డు మీదనుంచి వచ్చే కరెంటుతోనే నడుస్తుందన్నాడు. అదే కొన్నాం. దారంతా దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చి బిగించాడు. జీటీఏ 5 పెట్టాడు. కారు ఎడ్లబండిలా ఆగి ఆగి కదులుతోంది. తెర మూల అంకె 15 దాటదు. సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో చెప్పే అంకె అది. 60 ఉంటే కంటికి హాయి.

"నీకెప్పుడూ తక్కువలో దొరికేదే కనిపిస్తుందమ్మా" అన్నాడు. అని అన్నం తినకుండా పడుకున్నాడు. మావారేమీ అనలేదు. అంటేనే బాగుండేది. గాజుల గురించి బాధ లేదు కానీ, ఆ మాట మాత్రం రాత్రంతా గుచ్చుకుంటూనే ఉంది. ఇరవయ్యేళ్ళుగా ఈ ఇల్లు నడిచింది ఆ తక్కువలో దొరికేదాంతోనే కదా!

పొద్దున్నే వాడి గది ఊడుస్తూ బల్ల వెనక్కి వంగాను. మానిటర్ వైరు పెట్టెకి పైభాగంలో గుచ్చి ఉంది. కింద కొత్త కార్డుకీ అలాంటి చోటే ఉంది, ఖాళీగా. "ఒరేయ్, వైరు పాతచోటే ఉందేమిట్రా? కొత్తదానికి పెట్టక్కర్లేదా?" అన్నాను. వాడు దుప్పటి తీసి చూశాడు. రెండు క్షణాలు మాట లేదు. కొత్త కార్డు ఊరికే కూర్చునుంది, పనంతా పాత గ్రాఫిక్సే చేస్తోంది!

వైరు మార్చగానే 38కి వచ్చింది. అయినా మలుపుల్లో కుదుపు. ఈసారి నేనూ స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. "ఏవేం పెట్టావో ఒక్కొక్కటీ చదువు" అన్నాను. అన్నీ 'వెరీ హై', 'అల్ట్రా'. స్నేహితుడింట్లో అలాగే ఉంటాయట! వాళ్ళది మా కార్డుకి నాలుగింతల ఖరీదుది.

ఇక పద్దు రాసినట్టే మొదలుపెట్టాం. ఎంఎస్ఏఏ అంటే అంచులు నున్నగా చేసేదట, దానికి పని బోలెడంత. తీసేసి, తేలికగా అయ్యే ఎఫ్ఎక్స్ఏఏ పెట్టాం. నీడలు ఒక మెట్టు దించాం. తరవాత 'గ్రాస్' వచ్చింది. "గడ్డికి కూడా విడిగా ఖర్చా?" అని నవ్వొచ్చింది నాకు. ఊరి బయట కొండల్లోకి వెళ్తే కుదుపంతా ఆ గడ్డి వల్లేనట. కారులో దూసుకుపోయేవాడు గడ్డిపరకలు లెక్కపెడతాడా? అల్ట్రా నుంచి నార్మల్‌కి దించాం.

టెక్స్చర్లు మాత్రం తగ్గించనివ్వలేదు. గోడలు, బట్టలు, మొహాలు స్పష్టంగా కనిపించేది వాటివల్లే. కార్డు జ్ఞాపకశక్తి 4 జీబీ. ఎంత నిండిందో ఆ ఆటలోనే ఒక గీత చూపిస్తుంది. అది మన వంటగది గట్టులాంటిది. గిన్నెలన్నీ గట్టుమీద పట్టినంతసేపూ ఇబ్బంది లేదు. పట్టకపోతే ప్రతిదానికీ స్టోరు గదికి పరిగెత్తాలి. ఆ పరుగే కుదుపు.

అంకె 60 దాటింది. మా మానిటర్ సెకనుకి చూపగలిగేది 60 బొమ్మలే. నలుగురున్న ఇంట్లో పదిమందికి వండినట్టు, అంతకుమించి గీయడం దండగే కదా? అక్కడే ఆగేలా పెట్టాడు. ఫాను రొద కూడా తగ్గింది. ప్లగ్గు పీకేసి, పెట్టె తెరిచి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము నేనే దులిపాను. ఎన్నేళ్ళదో!

"మరి కొత్త ఆటలొస్తే?" అన్నాడు. అప్పుడు చుక్కలు తగ్గిద్దాం అన్నాను. 1080లో తెరమీద 20,73,600 చుక్కలు, 720లో 9,21,600. సగం కూడా లేవు. చిన్న వాకిలికి చిన్న ముగ్గు. కాస్త మసగ్గా ఉంటుంది, కానీ ఆట ఆగదు.

ఆ రాత్రి మావారు గదిలోకి తొంగిచూసి, "ఏదీ, ఒకసారి నన్నూ నడపనీ" అని కారు తీసుకెళ్ళి సముద్రంలో పడేశారు. ముగ్గురం పడీపడీ నవ్వాం.

వాడు సారీ చెప్పలేదు. మీ పిల్లలు చెప్తారేమో, మావాడికి ఆ అలవాటు లేదు. కానీ నిన్న బట్టలు మడతపెడుతుంటే వాడి ఫోను మాటలు వినబడ్డాయి. ఎవరో స్నేహితుడికి ఆట కుదుపుతోందట.

"కొత్త కార్డు కొనకురా, ఆగు. ముందు గడ్డి తగ్గించు. మా అమ్మ చెప్పింది."