ఒప్పుకుంటే అయిపోతుందన్నారు

మా తమ్ముడు సెంట్రల్ జైల్లో ఉన్నాడు. ఇంటి దొంగతనం కేసులో 5 ఏళ్ల కఠిన శిక్ష పడింది. అదే రాత్రి, అదే ఇంట్లో వాడితో పాటు ఉన్నాడని కోర్టు తేల్చిన ఇంకో కుర్రాడికి ఏడాదిన్నర వేశారు. అతను శిక్ష పూర్తయి ఇంటికొచ్చి ఆటో నడుపుకుంటున్నాడు. వస్తే వచ్చాడు, వాళ్లమ్మా ఏడ్చింది. కానీ ఇద్దరి మధ్యా ఉన్న తేడా ఒక్కటే. మా వాడికి 2016లో ఒక పాత శిక్ష ఉంది, మూడు నెలలది. ఆ మూడు నెలలు ఇన్నేళ్లు ఎలా అయ్యాయో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అప్పుడు వాడికి 19 ఏళ్లు. సెంట్రింగ్ పనికి పోయేవాడు. ఒకరి పొలంలో కరెంటు మోటారు పోయింది. ఎత్తుకొచ్చిన నలుగురిలో మా వాడూ ఉన్నాడు. అది నిజం, నేను దాచను. ఐపీసీ 379 కింద కేసు కట్టి సబ్ జైలుకు పంపారు. బెయిలైతే వచ్చింది గానీ జామీను ఇచ్చేవాళ్లు దొరకలేదు. పొలం పాస్ పుస్తకమో ఇంటి పన్ను రసీదో ఉన్నవాళ్లు ఇద్దరు కావాలన్నారు. మేం యెరుకలవాళ్లం. మా కాలనీలో అలాంటి కాగితం ఉన్న ఇళ్లే తక్కువ. ఊళ్లో ఉన్నవాళ్లు మా కోసం కోర్టు మెట్లెక్కరు. బెయిలు చేతికొచ్చినా పిల్లాడు లోపలే ఉండిపోయాడు.

అప్పుడు వకీలు గారి గుమస్తా అమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. "ఒప్పేసుకోమనమ్మా. లోపలున్న రోజులకు సరిపెట్టి పంపేస్తారు. కేసు నడిపితే ఏళ్లు పడుతుంది. ఒప్పుకుంటే అయిపోతుంది." అమ్మకు అది దేవుడి మాటలా వినిపించింది. వాడు ఒప్పుకున్నాడు. మూడు నెలలు వేశారు. రిమాండు రోజులు తీసేస్తే మిగిలినవి కొద్ది రోజులే. బయటికొచ్చాడు, మళ్లీ పనికి పోయాడు, పెళ్లి చేసుకున్నాడు, కూతురు పుట్టింది. అయిపోయిందనే అనుకున్నాం.

ఆ రోజు మాకు ఎవరూ చెప్పని సంగతులు రెండున్నాయి.

మొదటిది, 1958లో వచ్చిన ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం. 21 ఏళ్లు నిండనివాళ్లను ఇలాంటి కేసుల్లో ఊరికే జైలుకు పంపకూడదని దాని 6వ సెక్షన్ చెబుతుంది. ప్రొబేషన్ అధికారి చేత విచారణ చేయించి, మందలించో, మంచి నడవడికకు బాండు రాయించుకునో వదిలిపెట్టే వీలుందేమో ముందు చూడాలి. జైలే వెయ్యాలనుకుంటే కారణం రాయాలి. ఆ చట్టం కింద వదిలేస్తే శిక్షతో అంటుకొచ్చే అనర్హతలు కూడా అంటవని 12వ సెక్షన్ అంటుంది. మా వాడికి 19. ఆ చట్టం పేరు మా చెవిన పడనేలేదు.

రెండోది, ఐపీసీ 75. దొంగతనం లాంటి నేరంలో ఒకసారి శిక్ష పడినవాడికి అలాంటిదే రెండోది రుజువైతే యావజ్జీవమో, పదేళ్ల దాకా జైలో వెయ్యొచ్చు. రెండు నేరాలూ మూడేళ్లు, ఆపైన శిక్ష వెయ్యదగినవై ఉంటే చాలు. వెయ్యదగినవి అన్న మాట దగ్గరే మేం మునిగిపోయాం. మా వాడికి నిజంగా పడింది మూడు నెలలు. చట్టం ఆ మూడు నెలల్ని చూడదు. 379 కింద పడగలిగిన మూడేళ్లను చూస్తుంది.

2021లో పక్క ఊళ్లో రాత్రిపూట ఇంటి తాళం పగిలింది. వెండి పట్టీలు, కొంత డబ్బు పోయాయి. పోలీసులు నేరుగా మా ఇంటికొచ్చారు. దొంగతనం జరిగితే ముందు పాత పేర్లు తీస్తారు. మా కులానికి ఇది కొత్త కాదు. 1871లో ఇంగ్లీషువాళ్లు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చి మావాళ్లను అందులో చేర్చారు. రాత్రి హాజరీలు, ఊరు దాటాలంటే పాసు. 1952లో అది రద్దయింది. దాని చోట అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. కాగితం పేరు మారింది గానీ తలుపు తట్టే ఇళ్లు మారలేదు.

ఈసారి తనకేం తెలియదన్నాడు తమ్ముడు. పట్టీలు వాడు చూపించిన చోటే దొరికాయని పోలీసులన్నారు. వాడు తీశాడో లేదో నేను చూడలేదు. తీశాడని కోర్టు తేల్చింది, దాని మీద నేను వాదించడం లేదు. నేను చెప్పేది ఆ తర్వాత జరిగినదాని గురించి.

రెండో కుర్రాడికి బెయిలొచ్చింది, మా వాడికి రాలేదు. పాత నేరస్తుడు, వదిలితే మళ్లీ చేస్తాడన్నారు. కేసు కూడా పై కోర్టుకు పోయింది. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు మూడేళ్లకు మించి వెయ్యలేరు, 75 తగిలిస్తే అంతకు మించి వెయ్యాల్సి రావచ్చని. ఇప్పుడు చేసింది రుజువయ్యేదాకా పాత శిక్ష సంగతి జడ్జి ముందు ఎత్తకూడదని అప్పటి సీఆర్పీసీలో 236వ సెక్షన్ ఉండేది. మంచి నియమం. కానీ రిమాండు రిపోర్టు మొదటి పేజీలోనే అది రాసి ఉంది. పేపర్లో కూడా 'పాత నేరస్తుడి అరెస్టు' అనే వేశారు.

దోషి అని చెప్పాక పాత తీర్పు నకలు, జైలు సర్టిఫికెట్ బయటికి తీశారు. నేను వెనక బెంచీలో ఉన్నాను. సర్టిఫికెట్లో వాడి పేరు, నాన్న పేరు, ఎడమ కనుబొమ మీది గాటు, అన్నీ ఉన్నాయి. చిన్నప్పుడు గిలక బావి దగ్గర పడి తగిలించుకున్న గాటు అది. "ఈ కేసులో శిక్ష పడింది నీకేనా?" అని జడ్జిగారు అడిగారు. "నాకేనండి" అన్నాడు. శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అంటే, పాప చిన్నది, అమ్మకు ఆయాసం అన్నాడు. భోజనం వేళ దాటాక తీర్పు చెప్పారు. రెండో కుర్రాడి పేరు ముందు చదివారు, ఏడాదిన్నర. మా వాడిది తర్వాత.

మరదలు పాపను తీసుకుని పుట్టింటికి పోయింది. ఆమెను తప్పుపట్టను. అమ్మ మందులు, జైలుకు రానుపోను ఖర్చులు నా కుట్టుమిషను మీదే నడుస్తున్నాయి.

ఒక ములాఖత్‌లో వాడే అన్నాడు. "అక్కా, మోటారు కేసప్పుడు జడ్జిగారు నన్ను అడిగారు, ఎవరైనా బలవంతం చేశారా అని. లేదన్నాను, నిజమే. దీనివల్ల తర్వాత ఏమవుతుందో తెలుసా అని అడిగి ఉంటే, తెలియదని చెప్పేవాణ్ణి."

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలొచ్చాయి. 75 పోయి న్యాయ సంహితలో 13 అయింది, విషయం అదే. మామూలు దొంగతనం కూడా రెండోసారి రుజువైతే కనీసం ఏడాది, అయిదేళ్ల దాకా వేస్తారు. మొదటిసారివాళ్లకు మాత్రం కొన్ని మేళ్లు చేశారు. 5,000 రూపాయల లోపు సొత్తు తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరిపెడతారు. విచారణ ఖైదీగా మొదటిసారివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే విడుదలకు అర్హుడు, మిగతావాళ్లు సగం గడపాలి. యావజ్జీవం, మరణశిక్ష పడగలిగిన కేసులకు ఇది వర్తించదు. అంటే తర్వాత జరిగేదంతా మొదటి కేసు ఎలా ముగిసిందన్నదాని మీద ఇప్పుడు ఇంకా ఎక్కువ ఆధారపడి ఉంది.

అందుకే మొదటి కేసులో పిల్లలు ఇరుక్కున్న ఇళ్లవాళ్లకు చెబుతున్నాను. త్వరగా బయటికొస్తాడన్న ఆశతో ఒప్పించకండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఎస్సీ ఎస్టీలకు, ఆడవాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, అడగండి. ప్రొబేషన్ చట్టం వర్తిస్తుందా అని పేరు పెట్టి అడగండి. ఈ శిక్ష రేపు ఇంకో కేసులో లెక్కకొస్తుందా అని కూడా అడగండి.

కోర్టులను నేను కోరేది ఒకటే. నేరం ఒప్పుకుంటానని ఎవరైనా నిలబడితే, ఆ ఒప్పుకోలు రేపు రెండో కేసులో వాణ్ణి పదేళ్లకో యావజ్జీవానికో తీసుకెళ్లగలదని, వాడికి అర్థమయ్యే తెలుగులో చెప్పి, వాడు తెలుసన్నాకే సంతకం తీసుకోండి. రెండోసారి తప్పు చేసినవాడికి శిక్ష వద్దని నేను అనడం లేదు. ఒకసారి అనుభవించేసిన శిక్షను, దాని ధర చెప్పకుండా అంటగట్టి, మళ్లీ వసూలు చెయ్యొద్దంటున్నాను.