పెంకు పగిలే వేళ

పిల్లలూ, కోడిగుడ్డు మీకు కొత్త కాదు. కాని పిల్ల బయటికి రాబోయే ముందు, చివరి మూడు రోజులూ ఆ గుడ్డులో ఏమి జరుగుతుందో మీలో ఎంతమంది ఎరుగుదురు? పెట్ట పొదిగితే ఆ పనంతా దాని రెక్కల చాటున జరిగిపోతుంది. మనం చూడబోతే పొడుస్తుంది. ఇంక్యుబేటర్‌లో అయితే అద్దంలోంచి అంతా కనబడుతుంది. చిక్కు వచ్చేదీ అక్కడే. కళ్ళెదట కనబడుతూ వుంటే చెయ్యి ఊరుకోదు!

మా పక్కింటి కుర్రవాడు ఎనిమిదో తరగతి. పోయిన వేసవి సెలవుల్లో వాడు ఒక థర్మోకోల్ పెట్టె, రెండు బల్బులు, బుల్లి ఫ్యాను, వేడి హెచ్చితే బల్బులను తనంతట తానే ఆర్పేసే చిన్న పరికరం సంపాదించి ఇంక్యుబేటర్ తయారుచేశాడు. వేడి 37.5 డిగ్రీలు. (ఈజిప్టు దేశంలో రెండువేల ఏళ్ళకు పూర్వమే మట్టి ఇటుకల పొయ్యిళ్ళలో గుడ్లు పొదిగించేవారు. అక్కడి పనివాళ్ళకు థర్మామీటరు అక్కర్లేదు. గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి చెప్పేసేవారు!) మన కుర్రవాడు 12 నాటుగుడ్లు పెట్టి, పెట్ట ముక్కుతో దొర్లించినట్టే రోజుకు మూడుసార్లు తిప్పుతూ వచ్చాడు. 18వ రోజున తిప్పటం మానేశాడు. అంతా సరిగానే చేశాడు. ఎండ మాత్రం వాడి చేతిలో లేదు. అది రోళ్ళు పగిలే రోహిణీకార్తె. పెట్టెలోని నీళ్ళగిన్నె పొద్దు తిరిగేసరికల్లా ఇంకిపోయేది.

20వ రోజు సాయంత్రం వాడు పరుగెత్తుకుంటూ వచ్చి, "తాతగారూ, ఒక గుడ్డు చిట్లింది, రండి!" అన్నాడు. చూద్దును గదా, పెంకు మీద నక్షత్రం లాగా చిన్న పగులు. లోపలినుంచి కిచకిచ.

రాత్రి తెల్లవార్లూ మిగతా గుడ్లు ఒకటొకటే చిట్లాయి. మర్నాడు మధ్యాహ్నానికి తొమ్మిది పిల్లలు బయటపడి, తడి ఆరి, దూది వుండల్లాగా తిరుగుతున్నాయి. అన్నిటికన్నా ముందు చిట్లిన గుడ్డు మాత్రం అట్లాగే వున్నది.

"పెంకు వలిచేద్దామా, తాతగారూ? పాపం, అరుస్తున్నది," అన్నాడు కుర్రవాడు.

"ఇంకా వద్దురా," అన్నాను.

వాడికి నామీద కోపం వచ్చింది. మీకూ వచ్చేదే. ఎందుకు వద్దన్నానో చెబుతాను, వినండి.

గుడ్డులో వున్నన్నాళ్ళూ పిల్ల ముక్కుతో గాలి పీల్చదు. పెంకుకు కంటికి ఆనని రంధ్రాలు వేలకు వేలు వుంటాయి. పెంకు లోపల ఒక పలుచని పొర, ఆ పొరనిండా నెత్తురు నాళాలు. రంధ్రాలగుండా వచ్చిన గాలిని ఆ నాళాలే పిల్లకు అందిస్తాయి. గుడ్డు వెడల్పు కొసన ఖాళీగా గాలి గది ఒకటి వుంటుంది. 19వ రోజు దాటాక పిల్ల ముందుగా ఆ గదిలోకి ముక్కు దూర్చి, మొదటి ఊపిరి పీలుస్తుంది. ఆ మీదట ముక్కు చివర వుండే గట్టి తెల్లని గింజతో పెంకు చిట్లగొడుతుంది.

చిట్లగొట్టి ఊరుకుంటుంది! పన్నెండు గంటలు, ఒక్కొక్కసారి ఇరవైనాలుగు గంటలు. అలిసిపోయిందని మనం అనుకుంటాం. నిజానికి ఆ వేళలోనే పొరలోని నెత్తురు మెల్లగా పిల్ల ఒంట్లోకి చేరుకుంటుంది. మిగిలిన పచ్చసొన బొడ్డుగుండా కడుపులోకి పోతుంది. (ఆ సొన చలవ వల్లనే పుట్టిన పిల్ల రెండు మూడు రోజులు మేత లేకుండా వుండగలదు.) ఈలోగా మనం పెంకు వలిచామో, పచ్చి నాళాలు తెగి పిల్ల నెత్తురు కారి చచ్చిపోతుంది. కష్టపడితేనే పిల్లకు బలం వస్తుందని కొందరు పెద్దలు నీతి చెబుతారు. నాకు ఆ మాట నచ్చదు. ఇక్కడ సంగతి బలం కాదు, నెత్తురు.

అయితే ఎల్లకాలమూ చేతులు కట్టుకుని కూర్చోవాలా అంటే, అదీ కాదు. సాయంత్రానికి ఇరవైనాలుగు గంటలు నిండాయి. కిచకిచ సన్నగిల్లింది. పగులు దగ్గర తెల్లగా తడిగా వుండవలసిన పొర ఎండి, గోధుమరంగు కాగితంలాగా పిల్లకు అంటుకుపోయింది. ఇక అది తిరగలేదు. తిరగకపోతే చుట్టూ పగలగొట్టుకోలేదు.

కుర్రవాణ్ణి చేతులు కడుక్కురమ్మని, నీళ్ళు గోరువెచ్చగా కాచాం. దూది ముంచి, పిల్ల ముక్కులోకి నీరు పోకుండా పొరను తడిపాం. పగులు అంచున గోరంత పెంకు తీశాను. ఇంకొంచెం తీయబోతే ఎర్రగా దారంలాగా నెత్తురు కనబడింది. వెంటనే ఆపి, గుడ్డును మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. కుర్రవాడి మొహం పాలిపోయింది. "చచ్చిపోతుందా?" అన్నాడు. "చెప్పలేనురా," అన్నాను. నీళ్ళగిన్నె నింపాం. మూత మాత్రం తెరవలేదు.

రాత్రి పదకొండింటికి మళ్ళీ చూశాం. ఈసారి పొరలో నాళాలు ఖాళీగా, తెల్లగా వున్నాయి. తడుపుతూ గాలి గది మేరకు టోపీలాగా పెంకు తీశాను. కింది సగం ముట్టుకోలేదు. కాళ్ళతో తన్నుకుని రావటం ఎప్పుడు వీలో దానికే తెలుసు. బొడ్డు ఇంకా మూసుకోకుండా మనం లాగితే ప్రమాదం.

తెల్లవారుజామున నాలుగింటికి అది పెంకులోంచి జారి బయటపడింది. తలయెత్తలేక పక్కకు వాలిపోయింది. కుర్రవాడు ఆ రోజంతా పెట్టె దగ్గరనుంచి కదలలేదు, అన్నానికి వాళ్ళమ్మ మూడుసార్లు కేకవేసింది. సాయంత్రానికి పిల్ల నిలబడింది. చిట్లనేలేని రెండు గుడ్లు పారవేశాం.

మూడోనాడు అది తక్కిన తొమ్మిదింటితో కలిసి నూకలు ఏరుకు తిన్నది. ఆ పూటే దాని ముక్కు మీది తెల్లని గింజ ఊడిపోయింది. కుర్రవాడు దాన్ని దాచుకుందామని ఊకనంతా చేటలో పోసి వెతికాడు గాని దొరకలేదు. ఆవగింజంత అయినా వుండదు మరి!