తాళం పడిన మూత



రాత్రిపూట పొలం దగ్గర ట్రాక్టరు నిలిపి వచ్చేవారికి డీజిల్ గురించిన భయం ఎలాంటిదో తెలుసు. ఎవరో పైపు వేసి లాగేసుకుంటే తెల్లవారి బండి కదలదు. అందుకే చాలామంది ట్యాంకుకు తాళం ఉన్న మూత బిగిస్తారు. మన సంఘం బండికి కూడా అలాంటి మూతే ఉంది. అది పాత మారుతి ఓమ్నీ. 1984లో మారుతి వ్యాన్ అనే పేరుతో మొదలై, 2019లో తయారీ ఆగిపోయిన రకం. ఒకసారి అందులోని పెట్రోలు పోయినప్పుడు, పెద్దలు బయట కొని తాళం మూత పెట్టించారు. బండి చెవి వేరు, మూత చెవి వేరు.

ఆ మూత చెవి పోయింది. బండి నడిపే తమ్ముడు జేబులన్నీ వెతికాడు, సీట్ల కింద వెతికాడు, చర్చి ఆవరణంతా వెతికాడు. దొరకలేదు. శనివారం సాయంత్రం అది. ముల్లు అడుగుకు వచ్చింది. తెల్లవారితే చుట్టుపక్కల ఊళ్ల నుండి నడవలేని అవ్వలను, తాతలను ఆరాధనకు తీసుకురావాలి. బంకులో పెట్రోలు ఉంది, చేతిలో డబ్బులు ఉన్నాయి, ట్యాంకులో పోయడానికి మాత్రం దారి లేదు. కొత్త మూత కొందామన్నా ముందు పాతది రావాలి కదా!

యవనస్థులు నలుగురు చేరారు. "ఒక్క దెబ్బ వేస్తే ఊడొస్తది అయ్యగారూ" అన్నాడొకడు. ఇంకొకడు డ్రిల్లింగ్ మిషన్ తెస్తానన్నాడు. మెకానిక్ పని తెలిసిన ఒక పెద్దాయన వారిని ఆపాడు. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరినిస్తుంది. నిండు ట్యాంకు కంటే ఖాళీ అయిన ట్యాంకులో ఆ ఆవిరికి చోటెక్కువ. ఒక్క నిప్పురవ్వ పడితే మూత కోసం బండి పోతుంది, మనుషులు పోతారు. పగలగొట్టి గుడ్డ కుక్కుకుందామన్నా, ఆవిరి బయటికి వస్తూనే ఉంటుంది, దుమ్ము నీళ్లు లోపలికి పోతూనే ఉంటాయి.

చివరికి సిద్దిపేట నుండి చెవులు చేసే భాయిని పిలిపించాము. ఆయన సుత్తి తీయలేదు. గాట్లు లేని ఇత్తడి చెవి ఒకటి తీసి మూతలో పెట్టి, గట్టిగా అటూ ఇటూ తిప్పి బయటికి తీశాడు. వెలుగులో పెట్టి చూశాడు. ఆ తాళం లోపల చిన్న చిన్న రేకులుంటాయట. సరైన చెవి పెడితే అవన్నీ ఒక వరుసకు వచ్చి తాళం తిరుగుతుంది. అవి అడ్డుపడిన చోట చెవి మీద సన్నని గీతలు పడతాయి. ఆ గీతలున్న చోటనే, బండికి దూరంగా కూర్చుని, ఆకురాయితో కొంచెం అరగదీశాడు. మళ్లీ పెట్టాడు, మళ్లీ తిప్పాడు, మళ్లీ చూశాడు. ఎన్నిసార్లో! "తొందరపడితే చెవి విరుగుతది పాస్టర్ సాబ్, అప్పుడు ఇంకా కష్టం" అన్నాడు. చీకటి పడే వేళకు మూత తిరిగింది.

దేవుని బిడ్డలారా, ఆ మూత దొంగ కోసం పెట్టింది. కానీ చెవి పోయాక దానికి దొంగ ఎవరో యజమాని ఎవరో తెలియదు. అందరినీ ఒకేలా ఆపింది. మనుషుల హృదయాలకు కూడా ఇలాగే జరుగుతుంది.

మనకు తెలిసిన ఒక సహోదరుడు ఉన్నాడు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. తోటి విశ్వాసి అప్పు తీసుకుంటే ఈయన జమానతు ఉన్నాడు. ఆ మనిషి ఊరు విడిచి వెళ్లిపోయాడు. ఈయన పాడి బర్రెలు అమ్మి ఆ అప్పు కట్టాడు. అప్పటినుండి ఆరాధనకు వచ్చినా చివరి వరుసలో కూర్చుంటాడు, ఆశీర్వాద ప్రార్థనకు ముందే లేచి వెళ్లిపోతాడు. ఎవరింటికీ పోడు, ఎవరినీ ఇంటికి రానివ్వడు. మోసం చేసినవాని కోసం వేసిన తాళం, ఇప్పుడు ప్రేమతో వచ్చేవారిని కూడా ఆపుతోంది. భార్యకు జ్వరం వస్తే కూడా ప్రార్థనకు పిలవలేదు.

సామెతలు 18:19లో జ్ఞాని ఈ సంగతే చెప్పాడు. మనసు గాయపడిన సహోదరుణ్ణి తిరిగి గెలుచుకోవడం కోటను పట్టుకోవడం కన్నా కష్టమని, తగవులు కోట తలుపులకు వేసిన గడియల వంటివని దాని భావం. అయితే మనలో చాలామంది సుత్తితో వెళ్తాము. "క్షమించకపోతే నీ ప్రార్థన దేవుడు వినడు" అని ఒక్క మాట వేసి వస్తాము. మాట సత్యమే. కానీ లోపల ఎంత ఆవిరి నిండి ఉందో తెలియకుండా వేసిన దెబ్బ అది.

యోహాను సువార్త 20వ అధ్యాయము తెరిచి చూడండి. ప్రభువు లేచిన దినమున శిష్యులు భయపడి తలుపులు మూసుకొని ఉన్నారు. ఆయన వారి మధ్యకు వచ్చి నిలిచి, సమాధానము పలికి, తన చేతులను ప్రక్కను చూపించాడు. ఎనిమిది దినములైన తరువాత చూస్తే మళ్లీ తలుపులు మూసే ఉన్నాయి! ఆయనను చూసిన తరువాత కూడా వారి తలుపులు మూసే ఉన్నాయి. ఇంకా ఎందుకు మూసుకున్నారని ఆయన గద్దించినట్లు అక్కడ లేదు. మళ్లీ వచ్చాడు. మళ్లీ సమాధానము పలికాడు. తోమాకు తన గాయాల గుర్తులు చూపించాడు.

మన మొండితనము, మన భయము, మన ద్రోహము ఎక్కడెక్కడ అడ్డుపడ్డాయో అక్కడక్కడ ఆయన శరీరము మీద గుర్తులు పడ్డాయి. తోమా హృదయము ఆ గుర్తుల దగ్గరే తెరుచుకుంది. మూసుకున్న మనిషి దగ్గరకు వెళ్లేవాడు తాను కూడా కొంత అరగాలి. వెళ్లాలి, కూర్చోవాలి, ఆ మనిషికి ఎక్కడ నొప్పి ఉందో తెలుసుకోవాలి, లేచి రావాలి, మళ్లీ వెళ్లాలి.

ఆ సహోదరుని అరుగు మీద మన సంఘ పెద్ద ఒకరు కొన్ని వారాలుగా సాయంత్రాలు కూర్చుంటున్నారు. వర్షం గురించి, మక్కల ధర గురించి మాట్లాడుతున్నారు. ఇంకా అప్పు సంగతి రాలేదు. కానీ మొన్న మొదటిసారి లోపలినుండి చాయ్ వచ్చింది.

ఇది చదువుతున్న నీవే ఆ తాళం వేసుకున్న మనిషివైతే, నీతో ఒక మాట. తాళం వేసుకున్నందుకు దేవుడు నిన్ను తోసివేయడు. హృదయమును కాపాడుకొమ్మని సామెతలు 4:23లో ఆయనే చెప్పాడు. క్షమించడమంటే మళ్లీ జమానతు సంతకం పెట్టడం కాదు. పరాయివానికి పూటపడితే చెరుపు తప్పదని సామెతలు 11:15 హెచ్చరిస్తుంది కూడా. మన బండికి ఆ తాళం మూతనే ఉంచాము. రెండు చెవులు చేయించి, ఒకటి పెద్దల దగ్గర పెట్టాము. అలాగే నీవు కూడా నమ్మదగిన ఒక్కరికైనా ఒక చెవి ఇవ్వు. నీకు జ్వరం వచ్చిన రాత్రి తలుపు తట్టి లోపలికి రాగలవారు ఒకరుండాలి.

ప్రార్థన: గాయములు గల మా ప్రభువా, మూసుకున్న మా తలుపుల యొద్దకు విసుగక వచ్చుచున్నందుకు స్తోత్రములు. సుత్తి పట్టిన మా చేతులకు ఓర్పు నేర్పుము. ఈ వారము మేము వెళ్లవలసిన అరుగు ఏదో మాకు చూపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.

ప్రభువు మిమ్మును మీ ఇండ్లను దీవించును గాక.