నీళ్లు తక్కువైన ఊరిలో మా ముసలి కాపురము



ఉద్యోగము విరమించిన మనుష్యుని ఇంటి సమాచారము పత్రికలో అచ్చువేయదగినంత గొప్పది కాదు. అయినను నేడు మన సంఘములలో ముసలివారు ఇద్దరే మిగిలిన ఇండ్లు ఎన్నో యున్నవి. బిడ్డలు బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, గల్ఫు దేశములలోనో యుందురు. వారు “మా దగ్గరికి రండి” అందురు. వీరు “ఉన్నచోట ఉండనీయండి” అందురు. ఈ రెండు మాటలయందును ప్రేమ యున్నది, రెండింటియందును నొప్పి యున్నది. ఈ విషయమై మా ఇంట జరిగినది చెప్పినయెడల, అట్టి ఇండ్లవారికి కొంత తోడుగా నుండునని తలంచి వ్రాయుచున్నాను.

మేము గుత్తిలో కాపురమున్నాము. జిల్లా పరిషత్తు పాఠశాలలలో పనిచేసి, 2008లో నేను విశ్రాంతి పొందితిని. నా భార్య జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రియందు పుట్టినది. ఆమె తండ్రి మిషను బడిలో ఉపాధ్యాయుడు. మాకు ఒక కుమారుడు, ఒక కుమార్తె. కుమారుడు బెంగుళూరులో కంపెనీ ఉద్యోగి. కుమార్తెను తాడిపత్రిలో ఇచ్చితిమి. అల్లుడు నాపరాళ్లను నునుపుచేయు కార్ఖానాలో లెక్కలు వ్రాయును. ఊరికి కొంచెము దూరమున మా తండ్రి విడిచిపోయిన నాలుగెకరముల ఎఱ్ఱనేల గలదు.

గుత్తికి చరిత్ర కలదు గాని నీళ్లు లేవని మా ఊరివారు నవ్వుచు చెప్పుదురు. కొండమీద కోట యున్నది. 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు కలెక్టరుగానుండి, తరువాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో, 1827లో పత్తికొండలో వాంతిభేదులవలన చనిపోగా, మొదట పాతిపెట్టినది గుత్తిలోనే. తరువాత ఆయన అస్థికలను మద్రాసుకు తీసికొనిపోయిరి. బడిపిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడెల్ల ఒకడైనను లేచి, “సార్, ఆయన కూడా ఊరు విడిచి పోయినాడా?” అని అడుగును. ఊరు విడుచుట మా సీమలో పిల్లలకు సహితము తెలిసిన సంగతి.

కారణము అందరికి తెలిసినదే. నైరుతి మేఘములు పడమటి కనుమలయొద్దనే తమ బరువు దింపుకొని, మా యొద్దకు చేరునప్పటికి గాలి మాత్రమే మిగులును. ఈశాన్యపు వానలు తూర్పు తీరమున కురిసి, ఇంత దూరము వచ్చుసరికి అలసిపోవును. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు మా జిల్లా సగటు. అదియు ఒక వరుసలో పడదు. నేను రెండేండ్ల బిడ్డగానున్న 1952వ సంవత్సరపు కరువులో, గంజి కేంద్రమునకు నన్ను చంకనెత్తుకొని పోయితినని మా తల్లి చెప్పుచుండెడిది. ఆమె బ్రతికియున్నంతకాలము మా ఇంట గిన్నె కడిగిన నీళ్లు ఊరక పారలేదు.

ఇప్పుడు మా దినచర్య వినుడి. తెల్లవారుజామున ఐదు గంటలకు లేతుము. కుళాయి వచ్చు దినమైతే బిందెలు, డ్రమ్ము నింపుకొనుట మొదటి పని. వచ్చని దినమున ఉన్న బిందెలు లెక్కించుకొనుట మొదటి పని. కీర్తన ఒకటి చదివి ప్రార్థన చేసికొని, ఉగ్గానియో, జొన్నరొట్టెయో తిందుము. బియ్యము కడిగిన నీళ్లు పక్కింటి బర్రెకు, స్నానపు నీళ్లు మునగచెట్టుకును కరివేపచెట్టుకును పోవును. మధ్యాహ్నము నేను పత్రిక చదివి వినిపింతును. 2024లో కన్ను ఆపరేషను జరుగువరకు ఆమె అక్షరములు చదువలేకపోయెను. శుక్లము తీసి, లోపల చిన్న కంటి అద్దము అమర్చిరి. కట్టు విప్పిన మరునాడు ఆమె నా ముఖము చూచి, “ఏమండీ, ఇంత ముసలివారైపోయినారే! నాకు చెప్పనే లేదు” అనెను.

మాకు వినోదములు లేవనుకొనవద్దు. పింఛను తీసికొనువాడు ఏటేటా తాను బ్రతికియున్నట్లు రుజువు చూపవలెను. యంత్రముమీద బొటనవ్రేలు పెట్టుమందురు. ముప్పదియారేండ్లు సుద్దముక్క పట్టిన నా వ్రేళ్లు అరిగిపోయినవి గాబోలు, యంత్రము నన్ను ఎరుగననెను. పది వ్రేళ్లు పెట్టినను ఒప్పుకొనలేదు. చివరకు కంటిపాప చూపగా, నేను బ్రతికియున్నానని అంగీకరించెను. ఇంటికి వచ్చి ఈ మాట చెప్పగా, నా భార్య “నన్నడిగితే నేను చెప్పుదును గదా, రోజుకు రెండుసార్లు కాఫీ అడుగుచున్నాడని” అనెను.

ఇట్లు నడుచుచున్న కాపురములోనికి 2023వ సంవత్సరము వచ్చెను. ఆ యేటి ఆగస్టు నెల, దేశమంతటను 1901 తరువాత ఎన్నడును లేనంత తక్కువ వాన పడిన ఆగస్టు. చెనక్కాయ పంటకు అది ప్రాణాపాయమైన కాలము. విత్తిన నలువది దినములకు పూవులనుండి ఊడలు బయలుదేరి నేలలోనికి దిగవలెను. నేల మెత్తగానున్నప్పుడే అవి దిగి కాయ కాయును. ఎండి గట్టిపడిన ఎఱ్ఱనేలలో ఊడ కొన వాడి, గాలిలోనే నిలిచిపోవును. పైకి చెట్టు పచ్చగానే కనబడును గాని పెరికి చూచిన క్రింద ఏమియు నుండదు.

మా చేను కౌలుకు చేయువాడు పదునెనిమిదేండ్లుగా మా మనిషి. అక్టోబరులో ఒకదినము పెరికిన చెట్లు ఒక గుప్పెడు తెచ్చి అరుగుమీద పెట్టి, “అయివారూ, ఊడలు దిగే పొద్దుకు వాన రాకపాయె. బుడ్డలు లేవు, పశువులకు మేత అయితాది అంతే. మీ కౌలు ఈ యేడు ఇయ్యలేను. బెంగుళూరుకు కట్టడం పనికి పోదామనుకుంటాండా” అనెను. అతని భార్య వాకిట నిలుచుండి కొంగు నోటికి అడ్డము పెట్టుకొనెను. వారి పిల్లవాడు పదవ తరగతి చదువుచుండెను. తల్లిదండ్రులు వలసపోయినచో ఆ బిడ్డ చదువు నిలిచిపోవునని నా అనుభవమునుబట్టి ఎరుగుదును. బడిలో నేను పేరు కొట్టివేసినవారిలో ఇట్టివారే ఎక్కువమంది.

ఆ వారమే కుమారుడు ఫోనులో, “నాయనా, ఆ చేను అమ్మేయండి. లేకపోతే ఉన్న డబ్బుతో లోతుగా బోరు వేయించండి. రెండూ కాకపోతే తాళం వేసి ఇక్కడికి వచ్చేయండి. రాత్రి ఫోను మోగితే నా గుండె ఆగిపోతాంది” అనెను. అతని మాటలో కోపము లేదు, భయమున్నది. మా యొద్ద నున్నది మూడు లక్షల రూపాయల డిపాజిట్టు మాత్రమే. కుమార్తె నోరువిప్పి అడుగలేదు గాని, మనుమరాలికి అనంతపురములో నర్సింగు కాలేజీ రుసుము కట్టవలసియున్నదని మాకు తెలియును. సొమ్ము ఒకటి, అక్కరలు మూడు.

బోరును గూర్చి మేమిద్దరము మూడు రాత్రులు మాటలాడుకొంటిమి. మా సీమ నేల క్రింద ఇసుక లేదు, రాయి యున్నది. పైనున్న శిథిలమైన పొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. వాన తక్కువైన యేడు ఆ పగుళ్లలోనికి దిగునది స్వల్పము. ఒకడు ఆరువందల అడుగులు తోడినయెడల, పొరుగువాని మూడువందల అడుగుల బోరు ఎండును. అప్పుడు వాడు ఎనిమిదివందలకు పోవును. ఈ పోటీని అరికట్టుటకే 2002లో ప్రభుత్వము నీరు, భూమి, చెట్లను గూర్చిన ‘వాల్టా’ చట్టము చేసినది. అయినను మా పొలిమేరలో ఎండిన బోర్ల గొట్టములు ఎన్నో నిలిచియున్నవి. ఒక్కొక్క గొట్టము వెనుక ఒక్కొక్క అప్పు కలదు.

నా భార్య చివరకు, “ఇస్సాకు తవ్విన బావికై కాపరులు జగడమాడితే, ఆయన వదిలి మరొక చోటికి పోయి తవ్వినాడు గాని, వారికంటె లోతు తవ్వుతానని పంతము పట్టలేదు. క్రింద ఉండే నీళ్లు ఊరందరివి. పైన పడే వానలో మన చేనిమీద పడినదాన్ని పట్టుకుందాము” అనెను. ఇందుకు నేను ఎదురు చెప్పలేకపోతిని.

ఆ ప్రకారమే చేసితిమి. డిపాజిట్టులో సగము మనుమరాలి చదువునకు ఇచ్చితిమి. మిగిలిన సగములోనుండి చేనికి పల్లపు మూలను ఒక సేద్యపు కుంట తవ్వించి, గట్లు సరిచేయించితిమి. ఆ యేటి కౌలు వద్దంటిమి. కుంట తవ్వకమునకు కౌలుదారునికే కూలి యిచ్చితిమి గనుక అతడు ఆ వేసవికి వలసపోలేదు. నాలుగెకరములలో ఒట్టి చెనక్కాయ వేయక, సాళ్ల మధ్య కంది, ఒక ఎకరములో కొఱ్ఱ వేయుటకు ఒప్పుకొనెను. పూర్వము మా పెద్దలు తినినది కొఱ్ఱ, జొన్న, ఆరికలే గదా. చెనక్కాయ సొమ్ము చూపించి వాటిని వెనుకకు నెట్టినది. కొఱ్ఱకు తక్కువ నీరు చాలును. కంది వేరు లోతునకు పోయి, వెనుక వానలకు సహితము కాపు నిచ్చును.

కుమారుని మనస్సు నొప్పింపగూడదని 2024 మార్చి నెలలో బెంగుళూరు పోయితిమి. దేవుని చిత్తమేమోగాని, మేము పోయినది ఆ పట్టణమున నీళ్లకు కటకట వచ్చిన నెలలోనే! బోర్లు ఎండిపోయెను. దాదాపు నూరు కిలోమీటర్ల దూరమునుండి ఎత్తిపోయు కావేరి నీరు అన్ని పేటలకు చాలకపోయెను. త్రాగునీటితో కారు కడిగినచో ఐదువేల రూపాయల జరిమానా యని జలమండలి ప్రకటించెను. మా వాని అపార్టుమెంటులో ట్యాంకరు కొరకు జనులు మేడలమీదనుండి తొంగిచూచుచుండిరి. కోడలు స్నానపు గదిలో తెల్లబోయి నిలుచుండగా, నా భార్య కొంగు దోపుకొని, “ఇటు రామ్మా, ఒక బకెట్టుతో నలుగురికి ఎట్లా గడుస్తుందో చూపిస్తాను” అనెను. కూరగాయలు కడిగిన నీరు కుండీలకు, బట్టలు జాడించిన నీరు మరుగుదొడ్డికి వెళ్లెను. వారము తిరుగకముందే పై అంతస్తుల స్త్రీలు ఇద్దరు వచ్చి, “అమ్మా, మీ అత్తగారిని మా ఇంటికి కూడా పంపండి” అని అడిగిరి. అనంతపురపు కరువు నేర్పిన పాఠము బెంగుళూరులో పనికి వచ్చినది. ఆ యేడు అక్టోబరులో కావేరి ఐదవ దశ పథకము ప్రారంభమై, వెలుపలి గ్రామములకు నీరు చేరనారంభించెనని విని సంతోషించితిమి.

తిరిగి వచ్చు ముందు రాత్రి కుమారుడు మా మంచముయొద్ద కూర్చుండి, “అమ్మా, మీరిద్దరూ ఉన్నంతవరకు నేనేమీ అనను. కాని ఒకరే మిగిలితే?” అని అడిగెను. ఏ ఇంటనైనను అందరి మనస్సులోను ఉండియు ఎవరును పలుకని మాట అది. నా భార్య తడబడలేదు. “నేను మిగిలితే మరుసటి ఆదివారమే నీ ఇంటికి వస్తాను నాయనా. మీ నాయన మిగిలితే నువ్వు చెయ్యిపట్టి తీసుకొని రా, ఆయన తనంతట రాడు. ఎవరు ముందుపోయినా గుత్తి సమాధుల తోటలోనే పెట్టండి. చేను మాత్రం, దున్నేవాడు దున్నుతానన్నంతవరకు అమ్మవద్దు” అనెను. కుమారుడు ఆమె చేతులు పట్టుకొని సరే యనెను. ఆనాటినుండి అతడు చేనును గూర్చి అడుగునప్పుడు “అమ్మినారా” అనుటలేదు, “వాన పడినదా” అనుచున్నాడు.

తరువాతి సమాచారము క్లుప్తముగా వ్రాసెదను. 2024 అక్టోబరు వానలకు కుంట నిండినది. ఎఱ్ఱనేల గనుక కొన్ని వారములకే చాలభాగము ఇంకిపోయినది. ఇంకినది వ్యర్థము కాలేదు. కంది పూత సమయమున దానినుండి ఒక్క తడి ఇచ్చిరి, పక్క చేని పాతబావిలో మోకాటి లోతు నీరు కనబడినది. మేము ధనవంతులము కాలేదు. కౌలుగా మాకు ముట్టినది రెండు మూటల కందులు, ఒక మూట కొఱ్ఱలు మాత్రమే. కౌలుదారుని కుమారుడు పదవ తరగతి ముగించి, ఇంటర్మీడియటులో చేరెను. మనుమరాలు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నేర్చుకొనుచున్నది. సెలవులకు వచ్చినప్పుడు వాళ్ల అవ్వకు రక్తపుపోటు చూచి, ఉప్పు తగ్గించమని మందలించి పోవును. అవ్వ ఊరిబిండిలో మాత్రము ఉప్పు తగ్గించలేదు.

చదువరులారా, మీలో వృద్ధులైనవారు ఒక మాట ఆలకింపుడి. బిడ్డలు పిలుచునప్పుడు దానిని అధికారముగా ఎంచవద్దు. అది భయముతో కూడిన ప్రేమ. మీ మనస్సులోని కోరిక ఆరోగ్యముగా నున్నప్పుడే, ఇద్దరును కూర్చున్నప్పుడే స్పష్టముగా చెప్పుడి. దూరముననున్న కుమారులారా, కుమార్తెలారా, మీ తల్లిదండ్రులు ఊరు విడువనన్నయెడల అది మొండితనమేయని తలంపవద్దు. ఆ ఊరిలో వారు నీళ్లు పోసిన చెట్టు ఉండవచ్చును, వారిని నమ్ముకొన్న మరియొక కుటుంబము ఉండవచ్చును. ఫోను చేసినప్పుడు ఆరోగ్యముతోపాటు ఆ చెట్టును, ఆ కుటుంబమును గూర్చి కూడ అడుగుడి.

మా ఇద్దరి నిమిత్తమును, మా కౌలుదారుని ఇంటి నిమిత్తమును, ఊడలు దిగు కాలమున ఒక మంచి వాన నిమిత్తమును మీ కూటములలో జ్ఞాపకము చేసికొనుడి. మా యొద్దకు ఎవరైన వచ్చినచో జొన్నరొట్టె, ఊరిబిండి తప్పక పెట్టుదుము. చెంబెడు నీళ్లకు లోటుండదు.