రాజోలు దారిలో బేత్లెహేము

నర్సాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి. అక్కణ్ణుంచి మలికిపురం మీదుగా రాజోలు దాకా కొబ్బరి తోటలు, కాలవ గట్లు, చేపల చెరువులు. ఈ దారిలో నేను చూడాలనుకున్నవి గోడల మీది పేర్లు. హెబ్రోను, బేతేలు, షాలేము, సీయోను: కోనసీమ పేటల్లో ప్రార్థన మందిరాలకు, ఇళ్లకు, చివరికి పిల్లలకు కూడా పెట్టుకునే పేర్లివి. పశ్చిమాసియాలో కొండల మీదున్న ఊళ్ల పేర్లు గోదావరి లంకల్లో ఇంత సొంతమైపోవడం చిన్న విషయం కాదు. అందుకే ఇశ్రాయేలు, పాలస్తీనా గొడవ మనకు పట్టని దూరపు వ్యవహారమనే మాట రాజోలులో చెల్లదు. ఇక్కడి విశ్వాసుల్లో చాలామంది ఆ గొడవలో ఒక పక్షాన ఉన్నామనుకుంటారు. ఆ పక్షం ఎంచుకోవడంలో ఒక పొరపాటు జరిగిందని నా నమ్మకం. వాక్యంలోని ఇశ్రాయేలునూ 1948లో ఏర్పడ్డ దేశాన్నీ ఒకటిగా చదవడమే ఆ పొరపాటు.

ఆ చదువు ఎక్కడిదో తెలుసుకోవాలంటే మళ్లీ ఏటి అవతలి ఒడ్డుకే వెళ్లాలి. 1836లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నర్సాపురంలో స్థిరపడి గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టారు. వారిని వెంటబెట్టుకొచ్చినవాడు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. వారంతా బ్రదరెన్ సమాజం వారు. యూదులు తమ భూమికి తిరిగి చేరాకే అంత్య దినాలు వస్తాయన్న బోధను పందొమ్మిదో శతాబ్దంలో ఒక పద్ధతిగా అల్లిన జాన్ నెల్సన్ డార్బీ కూడా ఆ సమాజపు పెద్దే. ఇప్పుడు ఫోన్లలో వినపడే ప్రవచన ప్రసంగాలకు మూలం చాలావరకు అక్కడుంది. అయితే అదే 1836లో, ఇండియాకు బయలుదేరే ముందు, గ్రోవ్స్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. మీ దారి ఇరుకైపోతోంది, తోటి విశ్వాసులను వేరుచేయడానికి వెలుగునే కొలబద్ద చేస్తున్నారు అని అందులో అతని బాధ. అది యూదుల గురించి రాసిన ఉత్తరం కాదు. అయినా మన డెల్టాకు సువార్త తెచ్చిన మనిషే ఆ బోధకుణ్ణి ప్రశ్నించాడన్నది మన సంఘాల చరిత్రలో భాగం. ఇది తెలిసినవారు తక్కువ.

రాజోలు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడి మాల, మాదిగ పేటల్లో నిర్గమకాండాన్ని తమ సొంత కథగా చదువుకున్నారు. వెట్టి నుంచి బయటపడ్డ జనం, దారి చూపిన దేవుడు, నడిచి చేరిన నేల: తరతరాలు ఇంకొకరి పొలంలో వంగిన నడుములకు అంతకంటే దగ్గరి కథ ఏముంటుంది? ఆ మమకారాన్ని నేను తప్పుపట్టను, తలవంచి గౌరవిస్తాను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు ఇంకో అడుగు వేసి తామే ఎఫ్రాయిము సంతతి యూదులమని ప్రకటించుకుని సమాజ మందిరం కట్టుకున్నాయి. కానీ నిర్గమకాండ కథలో మనం ప్రేమించినది బానిసలుగా ఉన్న జనాన్ని. ఒక రాజ్యాన్నీ దాని సైన్యాన్నీ కాదు. నేల నుంచి, పేరు నుంచి మనిషిని తప్పిస్తే ఎలా ఉంటుందో కోనసీమ జిల్లాకు కొత్తగా చెప్పాలా? 2022 మే 24న, కోనసీమకు అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో ఇళ్లే తగలబెట్టారు.

రెండో తికమక పేరులోనే ఉంది. పాలస్తీనీయులంటే దావీదు కాలపు ఫిలిష్తీయులేనని చాలామంది అనుకుంటారు. మాటకు మూలం అదే, మనుషులు వేరు. ఫిలిష్తీయులు బబులోను దండయాత్రల నాటికే ఒక జాతిగా చెదిరిపోయారు. యూదుల తిరుగుబాటును అణిచాక క్రీ.శ. 135 ప్రాంతంలో రోమా చక్రవర్తి హేడ్రియన్ వారి రాష్ట్రానికి సిరియా పాలస్తీనా అని పేరు మార్చాడు. ఇప్పటి పాలస్తీనీయుల్లో ఎక్కువమంది ముస్లింలు. కానీ అపొస్తలుల కాలం నుంచి అక్కడ వెలుగుతున్న దీపాన్ని ఆరనివ్వని క్రైస్తవులూ వారిలో ఉన్నారు. 1950 ప్రాంతంలో బేత్లెహేములో ఎనభై శాతానికి పైగా క్రైస్తవులే, ఇప్పుడు దాదాపు పదో వంతు. గలిలయలో, లెబనాను సరిహద్దు దగ్గర ఇక్రిత్ అనే ఊరుండేది. ఊరంతా క్రైస్తవులే. 1948 నవంబరులో సైన్యం రెండు వారాలకని చెప్పి వారిని ఖాళీ చేయించింది. తిరిగి వెళ్లనివ్వమని 1951లో ఇశ్రాయేలు సుప్రీంకోర్టే చెప్పింది. ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజు సైన్యం ఇళ్లన్నీ కూల్చేసింది. గుడి ఒక్కటే మిగిలింది. ఆ ఊరివాళ్లు ఇశ్రాయేలు పౌరులే. చనిపోయినవారిని అక్కడ పూడ్చుకోవచ్చు గాని, బతికున్నవారు కాపురం పెట్టకూడదు.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. 2023 అక్టోబరు 7న ఇశ్రాయేలు మీద హమాస్ చేసిన దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, 250 మంది దాకా బందీలయ్యారు. అది ఘోరం, దానికి సాకు లేదు. ఐరోపాలో అరవై లక్షల మందిని పోగొట్టుకున్న యూదు జాతికి తలదాచుకునే చోటు కావాలన్న మాటనూ నేను కాదనను. బేత్లెహేములో క్రైస్తవులు తగ్గిపోవడానికి పొరుగు ముస్లింల ఒత్తిడి కూడా కారణమంటారు. కొంతమేర నిజం కావచ్చు, పని దొరక్క వలసపోయినవారూ ఉన్నారు. కానీ ఇక్రిత్‌ను కూల్చింది ముస్లింలు కాదు. ఒక జనానికి ఆశ్రయం కావాలన్న న్యాయం ఇంకో జనాన్ని ఆశ్రయం లేకుండా చేసే హక్కు ఎలా అవుతుంది? హమాస్ దాడి తర్వాతి యుద్ధంలో గాజాలో మృతులు అరవై వేలు దాటారని అక్కడి ఆరోగ్యశాఖ 2025లో లెక్క చెప్పింది. 2023 అక్టోబరు 19న అక్కడి పురాతనమైన సెయింట్ పోర్ఫీరియస్ చర్చి ఆవరణలో తలదాచుకున్నవారిలో పదిహేను మందికి పైగా ఇశ్రాయేలు దాడిలో చనిపోయారు. తమ గురి పక్కనున్న హమాస్ స్థావరమని సైన్యం చెప్పింది. ఇక దేవుడు అబ్రాహాముకిచ్చిన మాట సంగతేమిటని అడిగేవారికి ఆ మాట ఉన్న గ్రంథమే జవాబు: ఆ నేలలో ఉన్న పరదేశిని బాధించవద్దని, మీరూ ఐగుప్తులో పరదేశులేనని అది పదే పదే గుర్తుచేస్తుంది. ప్రవక్తలు తమ రాజులను మెచ్చుకున్న సందర్భాలకంటే గద్దించినవే ఎక్కువ.

పవిత్ర భూమి యాత్ర ఈ ప్రాంతంలో ఇప్పుడు అందని కల కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యెరూషలేము యాత్రకిచ్చే సాయాన్ని, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్నవారికి 40,000 నుంచి 60,000 రూపాయలకు పెంచింది. యాత్రికుల బస్సు యెరూషలేము నుంచి బేత్లెహేముకు వెళ్లాలంటే కాంక్రీటు గోడనూ తనిఖీ కేంద్రాన్నీ దాటాలి. క్రీస్తు పుట్టిన చోట నక్షత్రాన్ని ముద్దుపెట్టుకుని, ఆలివ్ చెక్క శిలువలు కొనుక్కుని, గంటో రెండు గంటలో ఉండి వెనక్కి వచ్చేస్తారు. ఆ గుడికి నడిచివెళ్లేంత దూరంలో లూథరన్ క్రిస్మస్ చర్చి ఉంది. 2023 క్రిస్మస్‌కు అక్కడ అప్పటి కాపరి ముంథర్ ఐజాక్ పశువుల తొట్టికి బదులు సిమెంటు శిథిలాల కుప్ప పేర్చి, బాలయేసును దాని మీద ఉంచాడు. గుంటూరు కేంద్రంగా ఉన్న మన ఆంధ్ర లూథరన్ సంఘమూ ఆ సంఘమూ ఒకే ప్రపంచ సమాఖ్యలో సభ్యులు. కోనసీమ నుంచి వెళ్లే బస్సు ఒక్క ఆదివారం ఉదయం ఆ చర్చి ముందు ఆగవచ్చు. వారి ఆరాధన అరబ్బీలో సాగుతుంది.