పాటకు పలికేవారు

ఈ రోజుల్లో మన ఇండ్లలో పాటకు కొదువ లేదు. మిరప చేనికి కూలీలను తీసుకువెళ్లే ఆటోలో పాట, వంటింట్లో ఫోనులో పాట, ఆదివారం ఆరాధనకు ముందు మైకులో పాట. అన్నీ స్టూడియోలో మెరుగులు దిద్దినవే. ఎక్కడా దగ్గు వినబడదు, శ్రుతి తప్పదు. మంచిదే. కాని మనుషుల ఎదుట పాడుతుండగా రికార్డు చేసిన పాట వేరు. అందులో పాడినవారితోపాటు విన్నవారు కూడ ఉంటారు.

ఈ తేడా నాకు ఒక క్యాసెట్ వల్ల తెలిసింది. నేను వేదాంత డిప్లొమా చదివే రోజుల్లో, చెరసాల పరిచర్యను గూర్చి బోధించే అధ్యాపకుడు ఒకరు ఒకనాడు పుస్తకం మూసివేసి, టేప్‌రికార్డరు బల్లమీద పెట్టారు. పాడినవాడు జానీ క్యాష్. అమెరికా పల్లెటూళ్ల బాణీల నుండి, గుడి పాటల నుండి పెరిగిన ‘కంట్రీ’ సంగీతంలో పేరెన్నికగన్నవాడు. 1968 జనవరి 13న కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ చెరసాల భోజనశాలలో, ఖైదీల ఎదుట ఒకే రోజు రెండుసార్లు కచేరీ చేశాడు. ఖైదీల నవ్వులు, ఈలలు, మధ్యలో ఫలానా నంబరు ఖైదీ రావలెనని మైకులో పిలుపు, అన్నీ ఆ రికార్డులో ఉన్నాయి.

ఆ చెరసాలకు వెళ్లి పరిచర్య చేసే ఫ్లాయిడ్ గ్రెసెట్ అనే పాస్టరు ఒకరుండేవారు. దోపిడీ నేరానికి శిక్ష అనుభవిస్తున్న గ్లెన్ షెర్లీ అనే ఖైదీ, చెరసాల ఆవరణలోని రాతి గుడిని గూర్చి ఒక పాట కట్టాడు. ఆ పాట టేపును కచేరీకి ముందు రాత్రి గ్రెసెట్ గారు క్యాష్‌కు వినిపించారు. క్యాష్ రాత్రికి రాత్రే దాన్ని నేర్చుకున్నాడు. మరునాడు షెర్లీ ముందు వరుసలో కూర్చుని ఉండగా, అతనికి ముందుగా తెలియనివ్వకుండానే పాడాడు. తాను గోడల మధ్య కట్టుకున్న పాట అందరి ఎదుట మారుమ్రోగుతుంటే ఆ మనిషి గుండె ఎలా కొట్టుకుందో! మా తరగతిలో ఎవరూ మాట్లాడలేదు.

షెర్లీ 1971లో విడుదలయ్యాడు. క్యాష్ అతన్ని తన బృందంలో చేర్చుకున్నాడు. కాని బయటి బ్రతుకు అతనికి కుదరలేదు. 1978లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. మా అధ్యాపకుడు ఈ సంగతి కూడ దాచలేదు.

మరొక సంగతి నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ రికార్డులోని మొదటి పాటలో, ఒక మనిషిని ఊరకే చంపానని ఖైదీ చెప్పుకునే చోట పెద్దగా హర్షధ్వానం వినిపిస్తుంది. ఆ కేక అక్కడిది కాదు. రికార్డు తయారుచేసినవారు తర్వాత అతికించారు. కాపలాదారుల కళ్లెదుట ఖైదీలు ఆ మాటకు అలా అరవలేదు. ఇది నాకు ఎంతమాత్రం నచ్చలేదు. విన్నవారి నోట లేని కేకను వారి నోట పెట్టడం అబద్ధ సాక్ష్యం వంటిదే గదా! షెర్లీ పాట జరిగిన ఆ కచేరీకి ఈ అతుకు ఏమి అవసరం?

గిటారు, డ్రమ్ములు చూడగానే ముఖం చిట్లించే పెద్దలు మన సంఘాల్లో ఉన్నారు. వారికి ఒక మాట. రాక్ సంగీతానికి రాజు అనిపించుకున్న ఎల్విస్ ప్రెస్లీకి గ్రామీ పోటీలో మూడే బహుమతులు వచ్చాయి. మూడూ భక్తిగీతాలకే. మూడవది, స్వీడన్ దేశస్థుడు కార్ల్ బోబెర్గ్ 1885లో రాసిన స్తుతి కవితలో నుండి వచ్చిన కీర్తనకు. 1974 మార్చిలో మెంఫిస్ పట్టణంలో జనం ఎదుట పాడినది అది.

ఇదంతా సముద్రాల అవతలి సంగతి అనుకోకండి. ఆ అమెరికా నుండే జీన్ రోఘెయిర్ అనే పండితుడు మన పల్నాటికి వచ్చి, అలిశెట్టి గాలెయ్య గారు పాడిన పల్నాటి వీరుల కథను రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి మార్చి 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా గ్రంథంగా అచ్చువేయించాడు. శ్రీనాథుని పేరిట ఉన్న కావ్యం అందరికీ తెలుసు. కాని కార్తీక అమావాస్యకు కారెంపూడిలో ఐదు రోజులు జరిగే ఉత్సవంలో ఈ కథ పాడే వీరవిద్యావంతులు మాలపల్లెల నుండి వచ్చినవారు. మనలో అనేకుల తాతలు పుట్టిన పల్లెలే అవి. ఆ ఆరాధన మనది కాదు. అయినా బ్రహ్మనాయుడు కొడుకుగా చేరదీసి సేనాపతిని చేసిన కన్నమదాసు పేరు తరతరాలుగా ఆ నోళ్లలో నిలిచిందంటే, దాన్ని తక్కువగా చూడడం నా వల్ల కాదు. గ్రంథంలో కథ ఉంది, గాలెయ్య గారి పేరూ ఉంది. వాద్యాల మోత, రాత్రంతా కూర్చుని విన్నవారి గొంతు కాగితంమీదికి రావు గదా.

ఆ కథనే బుర్రకథగా ఊరూరా చెప్పిన షేక్ నాజర్ గారు మన గుంటూరు జిల్లా పొన్నెకల్లువారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు, 1997లో కన్నుమూశారు. బుర్రకథలో ఇరుప్రక్కలా వంతలు ఉంటారు. ఒకరు నవ్విస్తారు, ఒకరు లోకం సంగతులు కలుపుతారు. వారు పలకకపోతే కథకుడు ముందుకు సాగడు.

మా వెల్దుర్తి సంఘంలో డెబ్బై ఎనిమిదేండ్ల మామ్మ ఒకరున్నారు. అక్షరం రాదు. కలుపు తీసేటప్పుడు పాడుకునే బాణీలో యోసేపు కథ, రూతు కథ పాడుతుంది. ఏ పాటల పుస్తకంలోనూ అవి లేవు. మా యౌవనస్థుడొకడు ముచ్చటపడి ఆమెను పట్నంలో స్టూడియోకు తీసుకుపోయాడు. చెవులకు ఏదో తగిలించి అద్దాల గదిలో నిలబెడితే, నాలుగు చరణాలు పాడి ఊరుకుంది.

“ఎవురూ పలక్కపోతే పాట ఎట్టా వస్తుందయ్యగారూ?” అంది నాతో.

తరువాత వారం ఆమె వాకిట్లోనే ఫోను పెట్టాం. ఎనిమిదిమంది స్త్రీలు ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చున్నారు. మామ్మ ఒక చరణం అంటే వారందరూ అందుకున్నారు. మిరప ఘాటుకు దగ్గు, చంటిబిడ్డ ఏడుపు, అన్నీ పడ్డాయి. ఆ చప్పుళ్లన్నీ తీసేస్తానన్నాడు మా వాడు. వద్దన్నాను. అతని మాటలోనూ న్యాయం లేకపోలేదు. రూతు మోయాబు విడిచి బయలుదేరే చోట కోడిపుంజు మూడుసార్లు కూసింది.

ఇప్పటికి పదకొండు పాటలు అయ్యాయి. పన్నెండవ పాటలో నడిమి చరణం మామ్మకు గుర్తు రావడం లేదు. అది ఎప్పుడూ ఆమె తోడికోడలే అందుకునేదట. ఆ పెద్దామె ఇప్పుడు దుర్గిలో కూతురింట ఉంది. వచ్చే బుధవారం మామ్మను ఆటోలో అక్కడికి తీసుకువెళ్తున్నాం.